రిమ్ము మీద బొట్టు

కొండలెక్కే సైకిళ్ళ పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు నన్ను ముందుగా అడిగేది గేర్ల సంగతి. ఎన్ని గేర్లుండాలి, ఏ దేశానివి మంచివి, బండి బరువెంత ఉండాలి. ఇన్నేళ్ళలో మొదటి ప్రశ్న బ్రేకు గురించి వేసినవాడు ఒక్కడూ తగల్లేదు. వాళ్ళననడానికి నాకు నోరు లేదు లెండి. నేనూ అడగలేదు.

డర్బన్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే పేట ఉంది. అక్కడ ఒకే సైకిల్ షాపులో నా ఉద్యోగం చాలా మటుకు గడిచింది. ఇప్పుడు రిటైరయ్యాను. జీతాలూ ప్రమోషన్లూ రాయబోవడం లేదు, అవి నాకే సరిగ్గా గుర్తులేవు. ఆ షాపులో నేర్చుకున్న ప్రతి ముక్కా ముందు నోరెళ్ళబెట్టి, ఆ తర్వాతే నేర్చుకున్నాను. అలాంటి సంగతులే రాస్తున్నాను. వాటిలో ఒకటి తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అది నా తప్పు కాబట్టి దాటెయ్యకుండా చెప్తాను.

కారెక్కిన సైకిల్

నేను సామర్లకోట వైపు ఒక చక్కెర మిల్లులో ఫిట్టర్‌ని. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఓటేసిన మొదటి ఎన్నికలు జరిగిన మరుసటి సంవత్సరం, డర్బన్ దగ్గర టోంగాట్‌లో మిల్లు పనికి ఏడాది కాంట్రాక్టు మీద వచ్చాను. ఏడాది అయింది, కాంట్రాక్టూ అయింది. తిరిగి వెళ్ళిపోవడానికి పెట్టె సర్దుకుంటున్నప్పుడు అక్కడి తెలుగు కుటుంబాల్లో ఒకాయన, అప్పలసామి నాయుడు, తన సైకిల్ షాపులో వర్క్‌షాపు చూసుకోమని పిలిచాడు. వాళ్ళ ముత్తాత విశాఖ జిల్లా నుంచి చెరుకు కొట్టడానికి ఓడెక్కి వచ్చినవాడు. ఇప్పుడు ఇంట్లో అందరిదీ ఇంగ్లీషే. తెలుగు మిగిలింది దేవుడి గదిలో, వంటింట్లో, తిట్లలో. అప్పలసామి అన్న నాతో వ్యాపారమంతా ఇంగ్లీషులో మాట్లాడి, కోపం వస్తే మాత్రం ముత్తాత భాషలోకి దిగేవాడు.

మొదటి శనివారం పొద్దున్నే షాపు ముందు నిలబడి చూస్తే, కార్ల మీద సైకిళ్ళు కట్టుకుని జనం పోతున్నారు. ఎక్కడికని అడిగాను. కొండకట. గంటసేపు కారులో పోయి, అక్కడ సైకిల్ దింపి, కొండెక్కి, దిగి, మళ్ళీ సైకిల్‌ని కారెక్కించుకుని ఇంటికొస్తారట. మా ఊళ్ళో సైకిల్ మనిషిని మోస్తుంది, బియ్యం బస్తా మోస్తుంది, పాల క్యాన్లు మోస్తుంది, పెళ్ళికూతురి ట్రంకుపెట్టె కూడా మోస్తుంది. సైకిల్‌ని మోసేవాళ్ళను నేను అక్కడే చూశాను. సోమవారం ఆ బళ్ళన్నీ ఎర్రటి బురదలో మునిగి మా దగ్గరకొచ్చాయి. బురద ఎంత పడితే అంత సంతోషంగా చెప్పుకుంటున్నారు వాళ్ళు. వీళ్ళకి మతిపోయిందనుకున్నాను.

అంతకన్నా పెద్ద ఆశ్చర్యం వర్క్‌షాపు లోపల ఉంది. అక్కడ సిపో అనే జూలూ మెకానిక్ పద్దెనిమిదేళ్ళ నుంచి పనిచేస్తున్నాడు. యాభై దాటినవాడు, తల సగం నెరిసింది. చక్రం తిప్పి, కళ్ళు మూసుకుని చప్పుడు విని, ఏ స్పోకు వదులైందో చెప్పేవాడు. అలాంటి మనిషి మీద నన్ను పెద్దగా వేశారు. నా చేతిలో సర్టిఫికెట్టుంది, అతని చేతిలో పనుంది. కొంతమంది కొనుగోలుదార్లు అతన్ని ఇంకా "బోయ్" అని, పనికుర్రాణ్ణి పిలిచినట్టు, పిలిచేవాళ్ళు. కొత్త జెండా ఎగిరి రెండేళ్ళయినా ఆ పిలుపు దిగలేదు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. కానీ సిపో నన్ను "బాస్" అన్నప్పుడు మాత్రం నాకు బాగానే ఉండేది. ఇది కూడా రాయాలి కదా, అందుకని రాస్తున్నాను.

అతనూ నేనూ వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. అప్పలసామి అన్న తల్లి దగ్గర అబ్బిన తెలుగు మాటలు అతనికి ఓ పది వచ్చు, అన్నీ పని మాటలే: పట్టు, తిప్పు, తుడు.

బండి, బ్రేకు

పనికొచ్చే ముక్కలు నాలుగు ఇక్కడే చెప్పేస్తాను. ఇవన్నీ సిపో దగ్గర నేర్చుకున్నవే.

కొనడానికి వచ్చినవాడు రంగు చూస్తాడు, పైన పటారం లోన లొటారం అన్న సంగతి చూడడు. మీరు ముందు అతని కాళ్ళ పొడుగు చూడండి. బండిని కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడితే పై గొట్టానికీ మనిషికీ మధ్య నాలుగు వేళ్ళకు తగ్గకుండా సందుండాలి. కొండ మీద జారి దిగవలసి వస్తే ఆ సందే మగవాడి మానం కాపాడుతుంది. ముందు ఫోర్కులో స్ప్రింగులున్నాయా లేవా అన్నది ఆ తర్వాతి మాట.

బ్రేకు పిడిని రెండు వేళ్ళతో నొక్కాలి, గుప్పిట బిగించకూడదు. ముందు బ్రేకే బండిని ఆపుతుంది, వెనకది సాయం. దిగుడులో ఒళ్ళు వెనక్కి జరపాలి. మలుపులోకి వెళ్ళాక బ్రేకు వెయ్యకూడదు, మలుపుకి ముందే వేగం తగ్గించుకోవాలి. కొన్ని దేశాల బళ్ళకి కుడి పిడి ముందు బ్రేకు, కొన్నిటికి ఎడమ పిడి. బండి అప్పగించేటప్పుడు ఏ చెయ్యి ఏ బ్రేకో అవతలివాడి చేత పైకి చెప్పించుకోండి.

ఆ రోజుల్లో బ్రేకు రబ్బర్లు రిమ్మునే పట్టుకునేవి. పిడి గట్టిగా ఉంటే బ్రేకు బాగున్నట్టు అని నేననుకునేవాణ్ణి. సిపో ఒప్పుకునేవాడు కాదు. పిడి వైరు సంగతే చెప్తుంది, ఆగే సంగతి రిమ్ము చెప్తుంది అనేవాడు. ప్రతి బండికీ ఆఖర్న స్పిరిట్ గుడ్డతో రిమ్ము చుట్టూ తుడిచి, వేలితో రాసి, ఆ వేలు చూసుకునేవాడు. వేలికి ఏమీ అంటకపోతేనే, ఆ బండికి చేసిన పని రాసే జాబ్ కార్డు మీద సంతకం. నాకది చాదస్తంగా కనిపించేది.

ఇంకో సంగతి అతను పిడి పట్టుకుని చూపించాడు. వైరు సాగిన బండి ఒకటి తెచ్చి, పిడి హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కి, "ఇది బ్రేకేనా?" అని అడిగాడు. కాస్త ఆలస్యంగా పడుతుంది, బ్రేకే కదా అన్నాను. ఆలస్యంగా పడేది బ్రేకు కాదన్నాడు.

ఎక్కడ తొక్కాలి

కొత్తవాళ్ళని కొండకి పంపకండి. టోంగాట్ చెరుకు తోటల మధ్య మట్టి దారులుంటాయి, అక్కడ మొదలుపెట్టమనండి. ఎత్తూ పల్లం మెత్తగా ఉంటుంది. వాన పడిన మర్నాడు మాత్రం వద్దు. ఆ ఎర్రమట్టి రబ్బర్లని ఒక్క పూటలో అరగదీస్తుంది. కోతల కాలంలో ఎండాకు గేర్లలో చుట్టుకుంటుంది, చెరుకు లారీ డ్రైవర్లకి సైకిల్ కనపడదు, పాములు దారి మీద ఎండ కాచుకుంటాయి. గేటు తీసినవాడే గేటు మూయాలి. తోట యజమానిని అడిగే లోపలికి వెళ్ళాలి.

చెయ్యి తిరిగాక దక్షిణ తీరానికి, పోర్ట్ షెప్‌స్టోన్ దాటి లోపలికి వెళ్ళవచ్చు. అక్కడ ఉమ్‌జింకులు నది లోయలోకి దారి నిట్టనిలువుగా దిగుతుంది. కింద రాళ్ళు, ఆ పక్కనే నీళ్ళు. నేను ఆ దారి మొదటిసారి చూసినప్పుడు దిగి, బండి చేత్తో పట్టుకుని నడిచాను. అందులో సిగ్గేమీ లేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది.

శుక్రవారం

అప్పలసామి అన్న తల్లిని అందరం అవ్వ అనేవాళ్ళం. ఎనభై దాటిన మనిషి. టోంగాట్‌లో మిల్లు వాళ్ళు కూలీలకి కట్టిన రేకుల ఇళ్ళ వరసల్లో పుట్టి పెరిగింది, పదేళ్ళకే చెరుకు కత్తి పట్టింది. వానలు తగ్గి కొండ దారులు ఆరాక ప్రతి శుక్రవారం మధ్యాహ్నం షాపుకొచ్చేది. మర్నాడు కొండకి పోయే బళ్ళన్నిటినీ వరసగా నిలబెట్టించి, కర్పూరం వెలిగించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఆముదంలో కలిపిన కుంకుమతో బొట్లు పెట్టేది. హ్యాండిల్‌కి ఒకటి, రెండు చక్రాల రిమ్ములకీ నాలుగేసి. తెల్లవాళ్ళు కూడా ఆ బొట్టు కావాలనే అడిగేవాళ్ళు. అదంటే వాళ్ళకి అదృష్టం.

నేను చేరాక అవ్వ అలా వచ్చిన మొదటి శుక్రవారం అది. ఆరు బళ్ళున్నాయి. ఆరోది ఒక స్కూలు టీచరుది, తెల్లాయన, మంచి మనిషి. సిపోని పేరు పెట్టి పిలిచే కొద్దిమందిలో ఆయనొకడు. ఆయన బండి పని సిపోయే చేశాడు, పొద్దున్నే కార్డు మీద సంతకం కూడా పెట్టేశాడు. అవ్వ చెయ్యి వణుకుతోందని ఆ బండికి బొట్లు పెట్టే పని నాకిచ్చింది. కళ్ళనీళ్ళొచ్చాయి నాకు. సముద్రం ఇవతల, నాలుగు తరాల తర్వాత, బండికి బొట్టు. నాలుగు పెట్టమంటే భక్తి పొంగి ఎనిమిదేసి పెట్టాను.

హారతి అయ్యాక అవ్వ టీకి లోపలికి వెళ్ళింది. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి సిపో స్పిరిట్ గుడ్డతో బొట్లు తుడిచేస్తున్నాడు. అప్పటికే ఐదు బళ్ళు అయిపోయాయి. ఆరో బండి దగ్గర వంగున్నాడు.

నిర్ఘాంతపోయాను. ముసలావిడ అటు తిరగగానే దేవుడి బొట్టు తుడిచేస్తాడా అని చెయ్యి పట్టుకుని ఆపాను. అతను నా మొహంలోకి చూసి, "అవ్వ..." అని ఏదో చెప్పబోయాడు. ఆవిడకి చెప్పనులే, ఈ బండి మాత్రం ముట్టుకోకు అన్నాను. మా బొట్టు గురించి నువ్వు నాకు చెప్పక్కర్లేదు అని కూడా అన్నాను. అతను రిమ్ము వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి గుడ్డ మడిచాడు.

నాకు చాలా గర్వంగా అనిపించింది. ఇక్కడి తెలుగువాళ్ళకి భాష పోయింది, ఆచారాలు సగం పోయాయి, అసలు సరుకు ఇండియా నుంచి వచ్చిన నా దగ్గరే ఉందని నా నమ్మకం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నట్టుండేది నా వరస. సాయంత్రం టీచరు వచ్చి, పిడి రెండుసార్లు నొక్కి, గట్టిగా ఉందని మెచ్చుకుని, బొట్లు చూసి నవ్వుకుంటూ బండి తీసుకెళ్ళాడు.

లోయలో

మర్నాడు మధ్యాహ్నం షాపుకి ఫోనొచ్చింది. ఉమ్‌జింకులు లోయలోకి దిగే దారిలో టీచరు బండి ఆగలేదు. రెండు బ్రేకులూ నొక్కి పట్టుకునే ఉన్నాడట, బండి మాత్రం వేగం పెంచుకుంటూ పోయిందట. మలుపులో రాళ్ళ మీద పడ్డాడు. జబ్బ ఎముక విరిగింది, ముందు పళ్ళు రెండు పోయాయి, మొహానికి కుట్లు. ఇంకో రెండు గజాలు పోయుంటే నదిలోనే.

నాకు బొట్టు గుర్తుకు రాలేదు. ఈ మాట మీరు నమ్మాలి. సిపో ఏదో వదిలేసుంటాడనే అనుకున్నాను.

సోమవారం అప్పలసామి అన్న జాబ్ కార్డు తీసి, సిపో సంతకం చూసి, దాని పక్కన ఎర్ర సిరాతో "బ్రేకు లోపం" అని రాశాడు. గొంతు పెంచలేదు. టూల్ బాక్సు మూసుకుని ఇంటికి వెళ్ళమన్నాడు. పద్దెనిమిదేళ్ళు అంతలో అయిపోయాయి. అన్న కుర్రతనంలో సముద్రం ఒడ్డు రోడ్డు మీద తెల్లవాళ్ళని తప్ప ఎవర్నీ సైకిల్ తొక్కనివ్వని రోజులు చూసినవాడు. ఆ పేట తెల్లవాళ్ళకే అని పుట్టిన ఇంటి నుంచి వాళ్ళ కుటుంబాన్ని ఖాళీ చేయించారు. దెబ్బ తిన్నవాడు ఇంకొకణ్ణి ఇంత తేలిగ్గా కొట్టడని నేననుకునేవాణ్ణి. అలా ఏమీ ఉండదని ఆ రోజు తెలిసింది.

సిపో టూల్ బాక్సు మూసి, గుమ్మం దగ్గర ఆగి, "రిమ్ము చూడండి" అన్నాడు. అంతే అన్నాడు.

మంగళవారం టీచరు బండి షాపుకొచ్చింది. అన్న బయటికెళ్ళాడు. నేను ఒక్కణ్ణే ఉన్నాను. స్టాండుకెత్తి, ముందు చక్రం తిప్పి, సిపో చేసినట్టే రిమ్ము మీద వేలు ఆనించాను. చక్రం ఒక చుట్టు తిరిగింది. వేలు తీసి చూస్తే ఎర్రగా ఉంది. ఎర్రగా, జిడ్డుగా. ఎనిమిది బొట్లూ రిమ్ము చుట్టూ ఒకటే గీతగా పాకాయి. రబ్బర్లు విప్పితే ఆముదంలో నానిన దూదిలా ఉన్నాయి. వాటిని చేతిలో పట్టుకుని నేల మీద కూర్చున్నాను.

ఆ తర్వాత చేసింది రాయడానికి చెయ్యి రావడం లేదు. లేచి, స్పిరిట్ సీసా తీసి, రిమ్ములు రెండూ తుడిచాను. శుక్రవారం ఏ గుడ్డని ఆపానో అదే గుడ్డతో తుడిచాను. రబ్బర్లు జేబులో వేసుకుని, కొత్తవి బిగించాను. అన్న వచ్చి రిమ్ము చూశాడు. శుభ్రంగా ఉంది. చూడమన్నాడుగా, చూశాం, వీడి ఎదవ మాటలు అని తెలుగులో తిట్టాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఎవరు తుడిచేది

బుధవారం చెప్దామనుకున్నాను. గురువారం చెప్దామనుకున్నాను. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే సామర్లకోటలో ఏం మొహం పెట్టుకుని దిగాలి అని లెక్కలు వేసుకున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు పిలిచినా జేబు తడుముకుంటున్నాను. రబ్బర్లు పారేద్దామని రెండుసార్లు చెత్తడబ్బా దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

శుక్రవారం అవ్వ వచ్చింది. టీచరు పడిన సంగతి ఆవిడకి చెప్పలేదు. నాలుగు బళ్ళు నిలబెట్టాం. కర్పూరం వెలిగించింది, బొట్లు పెట్టింది. హారతి అయ్యాక లోపలికి పోబోతూ చుట్టూ చూసింది.

"సిపో ఎక్కడికి ఎల్లినాడు?" అంది. "ఎవురు తుడిచేది?"

నాకు అర్థం కాలేదు. ఏం తుడవాలి అవ్వా అన్నాను.

"బొట్టు, అబ్బాయ్. సామి చూసినాడు కదా, సాలు. ఇంక తుడవాలి. కత్తికి పెట్టినా తుడుస్తాము, బండికి పెట్టినా తుడుస్తాము. నూనె ఉంటే కత్తి జారతాది. మా నాయిన కాలు మీద మచ్చ అదే." చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి, తన తండ్రికి ఎక్కడ తెగిందో తన పాదం మీద చూపించింది. "నాకు వంగేకి కాదు. సిపోకి నేనే నేర్పినాను. మీ ఇండియాలో తుడవరా?"

మొహం మీద చరిచినట్టయింది. ఆ కుంకుమ ఎలా పెట్టాలో, ఎప్పుడు తుడవాలో నాలుగు తరాలుగా ఎరిగిన ఇల్లు అది. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఆచారంలో సగాన్ని నడుపుతున్నవాడు సిపో. నేను ఆపింది ఆ సగాన్ని. ఆ రోజు అతను "అవ్వ..." అన్నది ఈ మాట చెప్పడానికే.

జేబులోంచి రబ్బర్లు తీసి అన్న బల్ల మీద పెట్టాను. ఎర్రగానే ఉన్నాయి. శుక్రవారం నుంచి మంగళవారం దాకా జరిగినదంతా వరసగా చెప్పాను, తుడిచిన సంగతితో సహా. అన్న ఒక రబ్బరు తీసుకుని వేళ్ళతో రాసి చూశాడు. తెలుగులో తిట్టలేదు. అవ్వ కుర్చీలో కూర్చుండిపోయింది. "నాలుగు రోజులు నీకు అన్నం ఎట్లా దిగింది?" అంది. దిగిందని చెప్పడానికి నాకు సిగ్గేసింది. నిజానికి దిగింది.

జాబ్ కార్డు

మర్నాడు అన్నా నేనూ సిపో ఇంటికి వెళ్ళాం. వాకిట్లో పొరుగువాళ్ళ బండి బాగుచేస్తున్నాడు. అన్న టోపీ తీసి చేతిలో పట్టుకుని తప్పయిందన్నాడు, సోమవారం నుంచి రమ్మన్నాడు. సిపో విన్నాడు. వినడం అయ్యాక నా వైపు తిరిగి, స్టాండు మీదున్న బండి బ్రేకు పిడి హ్యాండిల్‌కి తగిలేదాకా మెల్లగా నొక్కాడు.

"ఇది బ్రేకేనా?" అన్నాడు.

కాదన్నాను.

ఆ రోజే నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. నేను చెప్తే ఎవరు నమ్ముతారు, రిమ్ము చెప్తే నమ్ముతారనుకున్నాను అన్నాడు. ఆ రిమ్ముని నేను తుడిచేశానని అతనికి చెప్పాల్సింది నేనే. చెప్పాను. అతను పిడి వదిలేశాడు. జీవితంలో నన్ను చాలామంది తిట్టారు, ఒకరిద్దరు కొట్టారు కూడా. సిపో చూసిన చూపు ముందు అవేవీ లెక్కలోవి కావు.

అతను అడిగింది ఒక్కటే, ఆ జాబ్ కార్డు. అన్న వెనక్కి షాపుకి వెళ్ళి తీసుకొచ్చాడు. ఎర్ర సిరా అక్షరాలు కొట్టేసి, నా చేత్తో నేను రాశాను: "బ్రేకు లోపం లేదు. రిమ్ముకి నూనె పెట్టింది నేను. తుడవబోతే ఆపింది నేను. తర్వాత తుడిచి దాచింది నేను." కింద సంతకం పెట్టాను. సిపో దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సోమవారం రాడా అని అన్న మళ్ళీ అడిగాడు. రానన్నాడు. మేం ఆశ్చర్యపోయాం చూడండి, అదే మా బుద్ధి. తప్పు ఒప్పుకుంటే చాలు, అన్నీ వెనక్కి వచ్చేస్తాయనుకున్నాం.

నా ఉద్యోగం పోలేదు. వర్క్‌షాపులో పెద్దగా మాత్రం అన్న నన్ను ఉంచలేదు, నేనూ అడగలేదు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం అవ్వ బొట్టు పెట్టేది, నేను తుడిచేవాణ్ణి. ఆవిడ పోయేదాకా అలాగే జరిగింది. టీచరుకి ఆసుపత్రిలోనే అంతా చెప్పాను. కట్టుకట్టిన నోటితో ఆయన మొదట అడిగింది, సిపోకి ఈ సంగతి చెప్పావా అని.

రేకుల షెడ్డు

సిపో టోంగాట్‌లో టాక్సీలు ఆగే చోట రేకుల షెడ్డు వేసుకున్నాడు. మొదటి బండి టీచరుదే, జబ్బ అతుక్కోగానే అదే సైకిల్ తీసుకుని అక్కడికి వెళ్ళాడు. కొన్నాళ్ళకి మా షాపుకొచ్చే కొండ బళ్ళలో సగం ఆ షెడ్డు దారి పట్టాయి. అన్న గొణిగేవాడు కానీ కాదనలేకపోయాడు.

నేను శనివారం మధ్యాహ్నాలు వెళ్ళేవాణ్ణి. మొదటి ఏడాది నాకు కూర్చోవడానికి ఏమీ ఇవ్వలేదు, నిలబడి చూసేవాణ్ణి. రెండో ఏడాది ఒక డబ్బా బోర్లించాడు. జూలూవాళ్ళు పెద్దవాళ్ళని బాబా అంటారు, తండ్రి అని. నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. అతను నన్ను మళ్ళీ బాస్ అనలేదు. చైను కడగనిచ్చాడు, స్పోకులు బిగించనిచ్చాడు, గేర్లు సరిచెయ్యనిచ్చాడు. ఈ రోజు నాకు పని వచ్చని ఎవరన్నా అంటే ఆ శనివారాల్లో వచ్చిందే. కానీ బ్రేకు మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు. నేను పానా అందుకుంటే నెమ్మదిగా చేతిలోంచి తీసేసుకునేవాడు. ఏళ్ళు గడిచినా అంతే. టూల్ బాక్సు మూత లోపలి వైపున ఆ కార్డు అతికించి ఉండేది. వెళ్ళినప్పుడల్లా నా రాత నా కళ్ళెదుటే ఉండేది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగిన తీర్పు ఒకటుంది. బండి పాడుచెయ్యని మెకానిక్ లేడు. పాడుచేశాక మొదటి గంటలో నోరు విప్పేవాడు మెకానిక్, మిగతావాళ్ళు పానా పట్టుకున్న దొంగలు. నేను నాలుగు రోజులు దొంగనే.

నా రిటైర్‌మెంటుకి కొద్ది నెలల ముందు ఒక శనివారం వెళ్ళేసరికి, టీచరు పాత సైకిల్ స్టాండు మీద ఉంది. ఇప్పుడది ఆయన మనవరాలు తొక్కుతోంది, మర్నాడు లోయకి పోతోందట. బాబాకి అప్పటికి కళ్ళకి శుక్లాలొచ్చాయి. కొత్త రబ్బర్లు తనే బిగించాడు, వైరు తనే లాగాడు. ఆ తర్వాత రిమ్ము దగ్గరికి మొహం పెట్టి చాలాసేపు చూశాడు. కనిపించలేదనుకుంటాను. నేను అలవాటు ప్రకారం చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

అతను స్పిరిట్ గుడ్డ నా వైపు చాపాడు.

"తుడు" అన్నాడు, తెలుగులోనే.

ముందు చక్రం తుడిచాను, వెనక చక్రం తుడిచాను. అయిపోయాక అతను చక్రం తిప్పి, రిమ్ము మీద తన వేలు ఆనించి, ఒక చుట్టు తిరగనిచ్చాడు. ఆ వేలు నా మొహం ముందు పెట్టి, ఏమన్నా అంటిందా అని అడిగాడు. లేదు బాబా అన్నాను. ఆ బండి జాబ్ కార్డు తీసి, సంతకం పెట్టమని పెన్ను నా చేతికిచ్చాడు.